విడ్జెట్టు మూట: ప్రక్షిప్తాలూ పరిష్కారాలూ



చాలా రోజుల తరువాత మళ్ళీ టపా వ్రాస్తున్నాను. పోయిన వారం పుస్తకాల అలమర సర్దుతుండగా పాత పెన్ డ్రైవు ఒకటి బయటపడింది. అందులో పాత ప్రశ్నపత్రాలు, పాఠశాల వార్షికోత్సవం ఫోటోలు పోగా, ‘గురులఘువు’ అన్న పేరుకు చివర ‘డబ్ల్యు.జి.టి.’ అన్న మూడక్షరాల తోక ఉన్న చిన్న ఫైలు ఒకటి కనిపించింది. పదవీ విరమణకు కొన్నేళ్ళ ముందు, పదవ తరగతి పిల్లలకు ఛందస్సు నేర్పడం కోసం నేను స్వయంగా కట్టిన విడ్జెట్టు అది. అది నడిచిన ఫోను ఇప్పుడు నా వద్ద లేదు. ఆ ఫోనును నడిపిన టైజెన్ అనే లినక్సు వ్యవస్థ కూడా ఫోనుల రంగం నుండి తప్పుకొని చాలాకాలమైంది. మూట మాత్రం మిగిలింది.

ఆ మూటను చూశాక దాని పుట్టుపూర్వోత్తరాలు ఒకచోట వ్రాసి పెట్టాలనిపించింది. నేను కంప్యూటరు శాస్త్రజ్ఞుడను కాను, తెలుగు పండితుడను. అయితే మా విద్యలో ప్రతి విద్యార్థీ మొదట్లోనే నేర్చుకొనే రెండు మాటలు ఈ చరిత్రకు సరిగ్గా సరిపోతాయి. ఒకటి ప్రక్షిప్తం, అనగా కవి వ్రాయనిది ఇంకెవరో నడుమ చొప్పించినది. రెండవది పరిష్కారం, అనగా గ్రంథంలో దొరలిన తప్పులను తెలిసినవారు సవరించడం. మొదటిదాన్ని ఆపాలి, రెండవదాన్ని ఆపకూడదు. చేతివ్రాత ప్రతుల కాలం నుండీ ఉన్న ఈ చిక్కే చేతిఫోనులోని చిన్న మూటకూ ఎదురైంది. ఆ సంగతే ఈ వ్యాసం.

విడ్జెట్టు పుట్టుక

విడ్జెట్టు అనగా ఒకే చిన్న పని చేసిపెట్టే చిన్న పరికరం. గడియారం, గణనయంత్రం, వాతావరణ సూచన, నిఘంటువు వంటివి. 1984లో వచ్చిన తొలి మెకింటోష్ కంప్యూటరులోనే ఇటువంటి చిన్న పరికరాలు ‘డెస్క్ ఆక్సెసరీలు’ అన్న పేరుతో ఉండేవి. అయితే వాటిని తయారుచేయడానికి ప్రోగ్రామింగులో గట్టి పాండిత్యం కావలసి వచ్చేది.

2003లో ఆర్లో రోజ్, పెర్రీ క్లార్క్ అనే ఇద్దరు కాన్‌ఫాబ్యులేటర్ అన్నదాన్ని విడుదల చేశారు. జావాస్క్రిప్టు వంటి తేలిక భాషతో, కొన్ని బొమ్మలతో విడ్జెట్టు తయారుచేసుకోవచ్చునని అది చూపింది. 2005 ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థ తన టైగర్ వ్యవస్థలో డాష్‌బోర్డును చేర్చింది. అదే ఏడు జులైలో యాహూ కాన్‌ఫాబ్యులేటర్‌ను కొన్నది. 2006 జూన్‌లో ఒపేరా 9 బ్రౌజరు తన సొంత విడ్జెట్లతో వచ్చింది. డాష్‌బోర్డు, ఒపేరాల రాకతో ఒక గొప్ప మార్పు జరిగింది. వెబ్ పేజీ వ్రాయగలిగిన ప్రతివాడూ విడ్జెట్టు వ్రాయగలవాడైనాడు. హెచ్.టి.ఎం.ఎల్., సి.ఎస్.ఎస్., జావాస్క్రిప్టు అన్న మూడింటిలో కాస్త ప్రవేశం ఉంటే చాలు. మన బ్లాగుల మూసలు మనమే దిద్దుకొన్న రోజులు గుర్తున్నవారికి ఇది ఎంతటి సౌలభ్యమో వేరే చెప్పనక్కరలేదు.

చిక్కల్లా మూట కట్టడంలో వచ్చింది. ఆపిల్ వారిది ఒక ప్రత్యేకమైన ఫోల్డరు, అందులో ‘ఇన్ఫో.పీలిస్ట్’ అనే వివరపత్రం. ఒపేరా వారిది జిప్ మూట, అందులో ‘కాన్ఫిగ్.ఎక్స్ఎంఎల్’ అనే వివరపత్రం. నోకియా వారు 2007లో సింబియన్ ఫోనుల కోసం తెచ్చినదీ జిప్ మూటే, కాని తోక వేరు, వివరపత్రం ఆపిల్ వారి పద్ధతిది. లోపలి సరుకు దాదాపు ఒకటే అయినా ఒక్కొక్కరి వాకిట ఒక్కొక్క తీరున కట్టి తీసుకుపోవలసి వచ్చేది.

దీనిని చక్కదిద్దడానికి డబ్ల్యు3సి అనే వెబ్ ప్రమాణాల సంస్థ పూనుకొన్నది. 2006 నవంబరులో తొలి ముసాయిదా వెలువడింది. దానికి సంపాదకుడు మార్కోస్ కసేరెస్. ఎన్నో కూర్పులు మారి, 2011 సెప్టెంబరు 27న అది సిఫారసు స్థాయికి చేరింది. అంటే దాదాపు 5 ఏళ్ళు పట్టింది. ఈ 5 ఏళ్ళలో ఫోనుల లోకం తలక్రిందులైందన్న సంగతి ముందు చూస్తాము.

మూటలో ఏముంటుంది?

డబ్ల్యు3సి వారు నిర్ణయించిన మూట చాలా సరళమైనది. అది మామూలు జిప్ ఫైలే, తోక మాత్రం ‘డబ్ల్యు.జి.టి.’ అని మార్చారు. జిప్ పద్ధతిని 1989లో ఫిల్ కాట్జ్ లోకానికి ఇచ్చాడు. ఈనాటికీ ప్రతి జిప్ మూట మొదటి రెండు అక్షరాలు ‘పి, కె’ అన్న ఆయన పొడి అక్షరాలే. ఆయన 2000లో కాలధర్మం చెందినా, రోజూ లోకంలో కోట్లాది మూటలు ఆయన పేరుతోనే మొదలవుతున్నాయి.

మూటలో తప్పనిసరిగా ఉండవలసినది కాన్ఫిగ్.ఎక్స్ఎంఎల్ అనే వివరపత్రం. మన అచ్చుపుస్తకాలకు ముఖపత్రం ఎటువంటిదో విడ్జెట్టుకు అది అటువంటిది. విడ్జెట్టు పేరు, కర్త పేరు, కూర్పు సంఖ్య, వర్ణన, అనుమతి షరతులు, చిహ్నం బొమ్మ, మొదట తెరవవలసిన పుట అన్నీ అందులో వ్రాయాలి. మొదటి పుట ఏదో చెప్పకపోతే ఇండెక్స్.హెచ్.టి.ఎం.ఎల్. వంటి వాడుక పేర్ల కోసం వ్యవస్థే వెదుక్కొంటుంది. చిహ్నం సంగతీ అంతే.

ఈ వివరపత్రం మూట విప్పగానే చేతికి అందాలి, లోపలి ఫోల్డరులో ఉండరాదు. నా తొలి అపజయం ఇక్కడే. నేను ఫోల్డరు లోపలి ఫైళ్ళను ఎంచుకొని మూట కట్టడానికి బదులు, ఫోల్డరునే పట్టుకొని మూట కట్టాను. వివరపత్రం ఒక మెట్టు లోపలికి పోయింది. ఫోను దానిని విడ్జెట్టుగానే అంగీకరించలేదు. రెండు సాయంత్రాలు తల బద్దలు కొట్టుకొన్నాక, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న పూర్వ విద్యార్థి ఒకడు ఫోనులో విని, “మాస్టారూ, కవరులో కవరు పెట్టి అంటించారు. ఉత్తరం పైకవరులోనే ఉండాలి” అన్నాడు. పాఠం చెప్పినవాడికి పాఠం చెప్పించుకోవడంలో ఉన్న ఆనందం నాకు ఆనాడు తెలిసింది.

మన భాషాభిమానులు సంతోషించవలసిన అంశం ఒకటి ఈ ప్రమాణంలో ఉన్నది. మూటలో ‘లొకేల్స్’ అన్న ఫోల్డరు పెట్టి, దానిలో భాషకొక ఉపఫోల్డరు పెట్టుకోవచ్చు. తెలుగుకు రెండక్షరాల అంతర్జాతీయ సంకేతం ‘టి.ఇ.’. ఫోను భాష ‘భారతదేశపు తెలుగు’ అని ఉంటే, వ్యవస్థ ముందు ఆ పేరుతో ఉన్న ఫోల్డరులో చూస్తుంది. లేకపోతే ఉత్త తెలుగు ఫోల్డరులో చూస్తుంది. అదీ లేకపోతే మూట మొదట్లో ఉన్న సామాన్య పుటను తెరుస్తుంది. ఇందుకు ఒక్క పంక్తి ప్రోగ్రాము కూడ వ్రాయనక్కరలేదు. తెలుగువాడికి తెలుగులో, ఇతరులకు వారి వారి భాషలలో కనిపించే ఏర్పాటు మూట కట్టే పద్ధతిలోనే ఇమిడి ఉన్నది. ఫైలుపేరు కూడ తెలుగులో పెట్టుకోవచ్చు. అయితే పాత పీసీల కాలపు 437 నంబరు సంకేతపట్టికలో తెలుగు లేదు కనుక, ఆ పేరును యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచాలి.

ఒక హద్దు కూడ చెప్పాలి. ఫోనులో తెలుగు ఫాంటు లేకపోతే దానిని మూటలోనే పెట్టి పంపవచ్చు. కాని అక్షరాన్నీ ఒత్తునూ కలిపి ‘క్ష’ గానో ‘స్త్రీ’ గానో రూపుదిద్దే యంత్రాంగం ఫోను వ్యవస్థలోనే ఉండాలి, మూటలో పట్టదు. ఫాంటు ఉండి కూడ ఒత్తులు విడివిడిగా కనిపించిన ఫోనులను మనలో చాలామంది చూసి ఉంటారు. కారణం ఇదే.

లినక్సు చేతిలోకి వచ్చిన వైనం

ఇక ఫోనుల వైపు వద్దాము. లినక్సును జేబులోకి తెచ్చిన తొలి ప్రయత్నాలలో ముఖ్యమైనది నోకియా 770. 2005 నవంబరులో వచ్చిన ఆ చేతిపలక ఫోను కాదు. మీమో అనే దాని వ్యవస్థ డెబియన్ లినక్సు సంతతిది. ఎన్800, ఎన్810ల తరువాత 2009 నవంబరులో వచ్చిన ఎన్900 ఆ వంశంలో తొలి ఫోను.

మీమోలో ప్రోగ్రాములు డెబియన్ మూటల రూపంలో వచ్చేవి. డెబియన్ మూటకూ విడ్జెట్టు మూటకూ స్వభావంలో చాలా భేదం ఉన్నది. డెబియన్ మూట విప్పగానే అందులోని ఫైళ్ళు వ్యవస్థలో ఎక్కడెక్కడికో వెళ్ళి కూర్చుంటాయి. పైగా స్థాపన సమయంలో నడవవలసిన ఆజ్ఞలు కూడ అందులో ఉండవచ్చు. అవి సర్వాధికారి హోదాలో నడుస్తాయి. ఇంటికి వచ్చిన చుట్టానికి బీరువా తాళాలు ఇవ్వడం వంటిది. తెలిసినవాడైతే ఇబ్బంది లేదు.

విడ్జెట్టు మూట అటువంటిది కాదు. స్థాపన అంటే వ్యవస్థ జిప్ మూటను తెరుస్తుంది, వివరపత్రం చదువుతుంది, సంతకాలు ఉంటే పరీక్షిస్తుంది, విడ్జెట్టు ఏయే సౌకర్యాలు కోరుతున్నదో చూస్తుంది, దానికని కేటాయించిన ఒక్క గదిలో ఫైళ్ళను పెడుతుంది, చిహ్నాన్ని పట్టికలో చేరుస్తుంది. అంతే. స్థాపన సమయంలో విడ్జెట్టు తన ఆజ్ఞలేవీ నడపదు. తీసివేయదలచుకొంటే ఆ గది ఖాళీ చేస్తే సరిపోతుంది. ఇతర వెబ్ సైట్లతో మాట్లాడాలన్నా ఆ చిరునామాలను ముందుగా వివరపత్రంలో చెప్పుకోవాలి. ఫోను వంటి సొంత వస్తువుకు ఇది తగిన మర్యాద.

అందుకే ఫోను కంపెనీల కన్ను దీనిపై పడింది. 2007 జనవరిలో మోటరోలా, ఎన్.ఇ.సి., ఎన్.టి.టి. డోకోమో, పానసోనిక్, శాంసంగ్, వొడాఫోన్ కలసి లైమో అనే లినక్సు ఫోనుల కూటమిని స్థాపించాయి. 2008లో టెలిఫోను సంస్థల వైపు నుండి ‘జిల్’ అనీ, ‘బాండీ’ అనీ రెండు విడ్జెట్టు ప్రయత్నాలు మొదలైనాయి. ఫోనులోని చిరునామాలను, కెమెరాను, సందేశాలను విడ్జెట్టు ఏ మేరకు ముట్టుకోవచ్చునో నిర్ణయించడం వాటి ఉద్దేశం. 2009లో వొడాఫోన్ 360 పేరుతో వచ్చిన శాంసంగ్ హెచ్1 లైమో ఫోనే. 2010 ఫిబ్రవరిలో బార్సిలోనాలో 24 టెలిఫోను సంస్థలు చేతులు కలిపి ‘వాక్’ అనే సమాఖ్యను ప్రకటించాయి. జిల్, బాండీ రెండూ అందులో కలిశాయి. వాక్కు అర్థమైనట్లున్నదని నేను అప్పట్లో సంబరపడ్డాను గాని, ఆ వాక్కు 2012లోనే మూగవోయింది.

అదే నెలలో, అంటే 2010 ఫిబ్రవరిలో, నోకియా వారి మీమో, ఇంటెల్ వారి మోబ్లిన్ కలసి మీగో అయినాయి. సరిగ్గా ఏడాదికి నోకియా విండోస్ ఫోను వైపు మళ్ళింది. 2011 సెప్టెంబరులో లైమో వారు, లినక్సు ఫౌండేషన్ వారు టైజెన్‌ను ప్రకటించారు. శాంసంగ్, ఇంటెల్ దానికి వెన్నుదన్నుగా నిలిచాయి. విశేషమేమంటే డబ్ల్యు3సి వారి విడ్జెట్టు మూట సిఫారసుగా వెలువడిన నెల కూడ అదే. టైజెన్ దానిని తన వెబ్ ప్రోగ్రాముల రూపంగా స్వీకరించింది. వ్యవస్థ లోపలి భాగాలకు ఆర్.పి.ఎం. మూటలు, సి భాషల ప్రోగ్రాములకు టి.పి.కె. మూటలు, వెబ్ ప్రోగ్రాములకు మన డబ్ల్యు.జి.టి. మూటలు. 2012 నవంబరులో వచ్చిన రెండవ కూర్పులో డబ్ల్యు3సి వారు శీర్షికలో ‘మూటగట్టిన వెబ్ అనువర్తనాలు’ అన్న అర్థం వచ్చే పేరును ముందుకు తెచ్చి, విడ్జెట్లన్న పాత పేరును దాని వెనుకకు చేర్చారు. అప్పటికే లోకం విడ్జెట్టు అన్న మాటను వదలి యాప్ అన్న మాటను పట్టుకొన్నది.

టైజెన్ తొలి వాణిజ్య ఫోను ఎక్కడ వచ్చిందనుకొంటున్నారు? మన దేశంలోనే. 2015 జనవరి 14న, మన సంక్రాంతి రోజులలో, శాంసంగ్ జడ్1 భారతదేశంలో విడుదలైంది. వెల 5,700 రూపాయలు, తెర 4 అంగుళాలు. అంతకు ముందు ఏడాదే, 2014 ఆగస్టులో, మొజిల్లా వారి ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌తో ఇంటెక్స్ సంస్థ 1,999 రూపాయలకే ఒక ఫోను తెచ్చింది. అదీ లినక్సు మీద నడిచేదే, అందులోనూ వెబ్ ప్రోగ్రాములు జిప్ మూటలే. వివరపత్రం మాత్రం ఎక్స్ఎంఎల్‌కు బదులు జేసన్. ఆ సంతతిలోని కైఓఎస్‌తోనే 2017లో జియోఫోన్ వచ్చింది. ఈ మూటల కథలో మన దేశం మొదటి అంగళ్ళలో ఒకటి.

సంతకం సంగతి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. ప్రాచీన కావ్యాలలో ప్రతి ఆశ్వాసం చివరా గద్య ఉంటుంది. కవి తన పేరు, తండ్రి పేరు, గ్రంథనామం చెప్పుకొంటాడు. కర్తృత్వానికి అది గొప్ప ఆధారం. అయితే ఆశ్వాసం నడుమ ఒక లేఖకుడు తన పద్యం ఒకటి చొప్పిస్తే ఆ గద్య చెప్పగలదా? చెప్పలేదు. కనుకనే ఇన్ని ప్రక్షిప్తాలు, ఇన్ని పాఠభేదాలు, ఇన్ని వాదాలు.

విడ్జెట్టు సంతకం ఆ లోటు తీర్చింది. మూటలోని ప్రతి ఫైలుకూ గణితం ద్వారా ఒక ముద్ర వస్తుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా ముద్ర మారిపోతుంది. ఈ ముద్రలన్నిటినీ పట్టికగా వ్రాసి, కర్త తన రహస్యపు తాళంచెవితో సంతకం చేస్తాడు. ఇది కర్త సంతకం. దానిపై, కర్త సంతకాన్ని కూడ కలుపుకొని, పంపిణీదారు మరొక సంతకం చేస్తాడు. స్థాపన వేళ ఫోను అన్నిటినీ మళ్ళీ లెక్కగట్టి చూస్తుంది. తేడా ఉంటే మూటను తిప్పి పంపుతుంది.

డబ్ల్యు3సి ప్రమాణంలో ఈ సంతకాలు ఐచ్ఛికం. టైజెన్‌లో అవి తప్పనిసరి. పాత విడ్జెట్టును తీసివేయకుండా దానిపై కొత్త కూర్పు పెట్టాలంటే, కొత్తదానిపై కూడ అదే కర్త సంతకం ఉండాలి. లేకపోతే ఎవడో మీ విడ్జెట్టు పేరుతో తన దొంగసరుకును మీ ఫోనులో కూర్చోబెట్టగలడు. నియమం న్యాయమైనదే. ప్రక్షిప్తానికి ఇంతటి గట్టి తలుపు మన తాళపత్ర లేఖకుల కాలంలో ఉంటే, మా పండితులలో సగం మందికి పని లేకపోయేది.

నా గురులఘువు

2016 వేసవి సెలవులలో నేను కట్టిన విడ్జెట్టు చాలా చిన్నది. పద్యపాదం ఇస్తే గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి చూపుతుంది. పిల్లలు ముందు తాము గుర్తులు పెట్టాలి, తరువాత విడ్జెట్టు దిద్ది మార్కులు వేస్తుంది, పేరు పేరునా ఆ మార్కులు దాచుకొంటుంది. యూనికోడులో తెలుగుకు 3072 నుండి 3199 దాకా సంఖ్యలు కేటాయించారు. పొల్లు గుర్తు సంఖ్య 3149. రెండు హల్లుల నడుమ ఆ సంఖ్య కనబడితే సంయుక్తాక్షరం, దానికి ముందున్న అక్షరం గురువు. ఇదే నేను వ్రాసిన సూత్రం. నా ఫోనులోను, ఇద్దరు సహోపాధ్యాయుల ఫోనులలోను కేబులు ద్వారా స్థాపించాను. విరామ సమయంలో ఫోను చేతులు మారుతూ ఉండేది. ఛందస్సంటే పారిపోయే పిల్లలు దాని కోసం వంతులు వేసుకొనడం చూసి నాకు కలిగిన ఆనందం వర్ణించలేను.

మరుసటి ఏడాది పదవ తరగతి అమ్మాయి ఒకతె వచ్చి, “మాస్టారూ, మీరు చెప్పినది ఒకటి, ఫోను చూపుతున్నది ఒకటి” అన్నది. ఆమె ఇచ్చిన మాటలు ‘అది ప్రియము’. విడ్జెట్టు ‘ది’ని గురువుగా చూపుతున్నది. ‘ప్రి’ సంయుక్తాక్షరమే, కాని అది వేరే పదం మొదటి అక్షరం. సంస్కృత సమాసమైతే ముందరి అక్షరం గురువవుతుంది గాని, ఇట్లా విడిగా నిలిచిన తెలుగు మాట చివరి అక్షరం కాదు. తరగతిలో ఏటేటా నేను నొక్కి చెప్పే నియమమే అది. నా సూత్రం మాత్రం మాటల నడుమ ఖాళీని దాటి చూసింది. తప్పు నాది. ఏడాదిపాటు నా పేరుతో పిల్లలకు తప్పు పాఠం చెప్పింది.

సవరించడం ఎంతసేపు? ఒక్క పంక్తి. సవరించాను, మూట కట్టాను. సంతకం దగ్గర ఆగిపోయాను. ఆ వేసవిలోనే మా ఇంటి కంప్యూటరు హార్డ్ డిస్కు పాడైంది. కర్త సంతకపు తాళంచెవి అందులోనే ఉన్నది. ప్రతి తీసి దాచుకొమ్మని నా పూర్వ విద్యార్థి చెప్పనే చెప్పాడు. రేపు చేద్దామనుకొని చేయలేదు. కొత్త తాళంచెవి పుట్టించవచ్చు, కాని ఫోను దృష్టిలో నేను వేరే మనిషిని. నేను వ్రాసిన దానిని నేను దిద్దబోతే, నేనే ప్రక్షిప్తకారుడనైనాను!

మిగిలినది ఒక్కటే దారి. పాత విడ్జెట్టును తీసివేసి కొత్తదానిని పెట్టాలి. తీసివేస్తే దాని గదిలో ఉన్న పిల్లల మార్కులన్నీ పోతాయి. ఆ సాయంత్రం దీపం ముందు కూర్చొని నలభై మంది పిల్లల మార్కులు ఫోను చూస్తూ నోటు పుస్తకంలోకి ఎక్కించాను. అటుపైన పాతదాన్ని తీసి కొత్తదాన్ని పెట్టాను. సహోపాధ్యాయులిద్దరూ అప్పటికే బదిలీపై వేరే ఊళ్ళకు వెళ్ళారు. వారి ఫోనులలో తప్పు పాఠమే నిలిచిపోయింది. అట్లా ‘గురులఘువు’కు కూడ పాఠభేదం ఏర్పడింది.

అంగళ్ళు మూసిన తరువాత

తరువాతి చరిత్ర త్వరగా చెప్పవచ్చు. యాహూ విడ్జెట్లు 2012లో ఆగిపోయాయి. అదే ఏడు మైక్రోసాఫ్ట్ భద్రతా కారణాలతో తన గాడ్జెట్లను మానివేయమన్నది. ఫైర్‌ఫాక్స్ ఓఎస్ ఫోనుల పనిని ఆపుతున్నట్లు 2015 డిసెంబరులో ప్రకటించారు. 2018లో డబ్ల్యు3సి వారు విడ్జెట్టు మూట ప్రమాణాన్ని కాలంచెల్లినదిగా గుర్తించారు. ఆపిల్ 2019లో డాష్‌బోర్డును తొలగించింది. 2021లో శాంసంగ్ తన గడియారాలకు గూగుల్ వారి వ్యవస్థను తీసుకొన్నది, ఆ సంవత్సరాంతానికి ఫోనుల టైజెన్ అంగడి కూడ మూతపడింది. శాంసంగ్ టీవీలలో మాత్రం టైజెన్ నడుస్తూనే ఉన్నది, అక్కడ డబ్ల్యు.జి.టి. మూటలు ఈనాటికీ బ్రతికి ఉన్నాయి.

ఫోనులలో మూట స్థానాన్ని మూటలేని పద్ధతి ఆక్రమించింది. వెబ్ చిరునామానే చిహ్నంగా తెరపై పెట్టుకొనే విధానం అది. దాని వివరపత్రపు ప్రమాణానికీ సంపాదకులలో ఒకరు మార్కోస్ కసేరెస్ కావడం గమనింపదగినది. అందులో పరిష్కారం చాలా సులభం. సర్వరులో దిద్దితే అందరికీ దిద్దినట్లే, పిల్లల మార్కులు చెదరవు. కాని సర్వరు పోతే చేతిలో మిగిలేది దాదాపు శూన్యం. ఉచిత సర్వర్లలో గూళ్ళు కట్టుకొని, అవి మూతపడ్డ రోజున టపాలు ఏరుకొన్న మనకు ఆ బాధ చెప్పనక్కరలేదు. మూటకు తాళం బెడద, మూటలేనిదానికి నీడ బెడద.

పోయిన వారం పెన్ డ్రైవులో దొరికినది తప్పున్న పాత ప్రతే. దిద్దినది బడి కంప్యూటరుతో పాటు పోయింది. ఏమవుతుందో చూద్దామని డబ్ల్యు.జి.టి. తోకను జిప్ అని మార్చాను. మూట మారు మాటాడక విచ్చుకొన్నది. వివరపత్రంలో నా పేరు, కూర్పు 1.0 అన్న అంకె, లొకేల్స్‌లో తెలుగు ఫోల్డరు, రెండు సంతకాల ఫైళ్ళు అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇండెక్స్ పుటను మామూలు బ్రౌజరులో తెరిచాను. నడిచింది! ఫోనులోని ప్రత్యేక సౌకర్యాలేవీ నేను వాడుకోకపోవడం ఇప్పుడు మేలైంది. సంతకం అడిగేవారు లేరు. తాళం తలుపుకే గాని, లోపలి గ్రంథానికి లేదు. ఆనాడు సామాన్య జిప్‌నూ, కంటితో చదువుకోదగిన వ్రాతనూ ఎంచుకొన్నవారికి మనసులో నమస్కరించుకొన్నాను.

తరువాత నోట్‌ప్యాడు తెరిచి ఆ ఒక్క పంక్తినీ దిద్దాను. ‘అది ప్రియము’ ఇచ్చి చూశాను. ‘ది’ లఘువు. చెల్లని సంతకాల ఫైళ్ళు రెండూ తీసివేశాను. వివరపత్రంలో కూర్పు సంఖ్యను 1.2 చేసి, వర్ణనలో ఏమి దిద్దానో, ఎందుకు దిద్దానో ఒక వాక్యం చేర్చాను. పరిష్కర్త తన చేయి పడిన చోటు చెప్పుకొంటే అది పరిష్కారం, దాచుకొంటే ప్రక్షిప్తం. తాళంచెవి లేని నాకు ఆ వాక్యమే సంతకం.

ఆ అమ్మాయి ఇప్పుడు తెలుగు ఎం.ఏ. చేస్తున్నది. నిన్న ఆమెకు ఆ జిప్ మూటను పంపించాను. సాయంత్రానికి జవాబు వచ్చింది: “మాస్టారూ, సరిగ్గా ఉన్నది. మరి సమాసం సంగతి? ‘సత్యవ్రతుడు’ అని ఇచ్చి చూస్తే సరిగ్గానే వస్తున్నది గాని, మధ్య ఖాళీ పెట్టి ‘సత్య వ్రతుడు’ అని ఇస్తే రెండవ అక్షరం లఘువు అంటున్నది.”

కూర్పు 1.3 పనిలో ఉన్నాను. ఛందస్సు తెలిసిన మిత్రులు ఇంకా ఏవైనా తప్పులు చూపితే సంతోషంగా దిద్దుకొంటాను.

సెలవు.